నాయనమ్మను అలిగించిన పద్యం

ఏడో తరగతి గదిలో రాజుగారు సొంత తల్లిని నగరం నుంచి వెళ్ళగొట్టే పద్యం మొదటిసారి తడబడకుండా చదివేశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే గుమ్మంలో, మెడలో టైలరు టేపు వేలాడుతున్న ఒకావిడ కనిపించి, "టీచరుగారూ, మీ నాటకం పుణ్యమా అని మా అత్తగారు ఇల్లు విడిచి వెళ్ళిపోయారు" అంది. కిందటి వారం మనం ఆగింది అక్కడే.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. టీచరు అటు చూసేసరికి ఆ నవ్వు పుస్తకం వెనక్కి వెళ్ళిపోయింది. రాజుగారు మాత్రం నవ్వలేదు. వచ్చినావిడ ఆ వేషం వేస్తున్న పిల్లవాడి తల్లి.

టీచరు ఆవిడను వరండాలోకి తీసుకెళ్ళి, కుర్చీ తెప్పించబోయింది.

"కూర్చునే తీరిక లేదండీ. మిషను మీద బట్ట అలాగే వదిలేసి వచ్చాను. మీరేమో వీడికి రాజు వేషం ఇచ్చారు. మంచిదే. వీడు పొద్దున లేచింది మొదలు అదే పద్యం. పళ్ళు తోముకుంటూ అదే, జోళ్ళు తొడుక్కుంటూ అదే. మొన్న పొద్దున మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. వీడు ఎదురుగా నిలబడి, చెయ్యి ఇలా చాపి, 'నగరం విడిచి వెళ్ళు' అన్నాడు. ఆవిడ లోపలికెళ్ళి సంచి సర్దుకుని కూతురింటికి వెళ్ళిపోయారు."

"నాటకమని చెప్పలేదా అమ్మా?"

"చెప్పక? ఫోన్ చేసి చెప్పాను. 'నాటకాలు నా దగ్గర ఆడకు' అన్నారు." ఆవిడకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చినట్టున్నాయి. టేపు కొసతో ముక్కు తుడుచుకోబోయి మానేసింది. "మా ఆయన రైలు గార్డు. ఏ స్టేషన్‌లో దిగినా ఫోన్‌లో ఒకటే ప్రశ్న, అమ్మని ఏమన్నావని. చుట్టాలందరూ నేనే పిల్లాడికి నేర్పి అనిపించానంటున్నారు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. మీరే చెప్పాలి వాళ్ళకి."

టీచరు ఈ బడిలో చేరినప్పటి నుంచీ పాత నాటకం పాఠం అంటే పిల్లల చేత అర్థాలు రాయించడం, పరీక్షలో ప్రతిపదార్థం అడగడం. ఈ ఏడు మాత్రం ఆడించి తీరాలని పట్టుబట్టింది. "పన్నెండేళ్ళ పిల్లలకు ఆ గ్రాంథికం ఎక్కుతుందా అండీ" అని హెడ్మాస్టరు సందేహించారు. ఎక్కింది. ఒక ఇంట్లోంచి పెద్దావిడ బయటికి నడిచేంతగా ఎక్కుతుందని ఆమె కూడా అనుకోలేదు.

ఆ నాటకం కథ చిన్నదే. శత్రువులు కోట చుట్టూ విడిది చేశారు. రాత్రి వేళ కోట తలుపు ఎవరు తెరిచినా దేశం విడిచి పోవలసిందేనని రాజు నిండు సభలో ఆన పెట్టాడు. ఆ రాత్రే తలుపు తెరుచుకుంది. చంటిపిల్లలను ఎత్తుకుని బయట చలిలో నిలబడ్డ తల్లులను ఎవరో లోపలికి రానిచ్చారు. తెరిచింది రాజు తల్లే. తెల్లవారి సభలో రాజు ఆమెకు శిక్ష చెప్పాలి. ఏడో తరగతి వాళ్ళు వేస్తున్నది ఆ ఒక్క ఘట్టమే.

పద్యం చేతికి ఇవ్వగానే పిల్లలు రాయిని కొరికినట్టు మొహాలు పెట్టారు. టీచరు పుస్తకాలు మూయించి, "ఇదే మాట మీ ఇంట్లో అయితే ఎలా అంటారో అనండి" అంది. ఒకడు మీసం మెలేసి అరిచాడు. ఒకతి వేలు చూపించి బెదిరించింది. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పేలోపు గంట కొట్టేస్తారని క్లాసంతా 'నత్త' అని పిలిచే పిల్లవాడు మాత్రం నేల చూపులు చూస్తూ, "అమ్మా, అందరి ముందూ మాటిచ్చేశాను. ఇప్పుడు మార్చుకోలేను. నువ్వెళ్ళిపో" అన్నాడు. ఆ రోజు నుంచి నత్త రాజుగారయ్యాడు.

"సాయంత్రం నేను వెళ్ళి మాట్లాడతాను. ఇల్లెక్కడో చెప్పండి" అంది టీచరు.

*

కూతురి ఇల్లు మూడో అంతస్తులో ఉంది. మెట్ల మీద ఎవరివో సైకిళ్ళు అడ్డంగా పెట్టి ఉన్నాయి. తలుపు తీసినావిడ అప్పుడే ఆఫీసు నుంచి వచ్చినట్టుంది. భుజం మీది సంచి ఇంకా దించలేదు. రాజుగారికి మేనత్త. టీచరు తానెవరో చెప్పగానే ఆవిడ కనుబొమలు పైకి వెళ్ళాయి.

"మీరేనా? పెద్దవాళ్ళను ఇంట్లోంచి పొమ్మనడం కూడా ఇప్పుడు సిలబస్‌లో పెట్టారా?"

"నాటకంలో అది తప్పని రాజుకీ తెలుసండీ. అందుకే—"

"మా అన్నయ్య ఊళ్ళో ఉండడు. మా వదిన మిషను ముందు నుంచి లేవదు. పసివాడికి ఏం తెలుసు? నేర్పినవాళ్ళను అనాలి. మీ హెడ్మాస్టరుతో నేను మాట్లాడాల్సింది మాట్లాడతాను."

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. మంచం మీద కూర్చుని మందుల పెట్టె సర్దుకుంటున్న నాయనమ్మ తల తిప్పి చూసింది. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. కోపం ఆమె మొహంలో ఎక్కడా లేదు. మూసిన తలుపులా ఉంది.

టీచరు గుమ్మంలోనే నిలబడి నమస్కారం పెట్టింది. "అమ్మా, మీ మనవడు నా దగ్గరే చదువుతున్నాడు. రేపు మా క్లాసులో ఆ ఘట్టం వేస్తారు. మీరొచ్చి చూడాలి. చూశాక నన్ను నాలుగు తిట్టాలనిపిస్తే అక్కడే తిట్టండి. పిల్లలు కూడా వింటారు."

నాయనమ్మ మందుల పెట్టె మూత పెట్టింది.

"తిట్టడానికి అంత దూరం రావాలా?"

"ఇక్కడ తిడితే నేనొక్కదాన్నే వింటానమ్మా."

పెద్దావిడ పెదవి ఒక మూల కదిలినట్టు అనిపించింది. కదిలిందో లేదో టీచరుకు తెలియలేదు. మెట్లు దిగుతుంటే, రేపు ఆవిడ రాదేమోనన్న దిగులు కంటే, వస్తే ఏమవుతుందోనన్న దిగులే ఎక్కువగా ఉంది.

*

వచ్చింది. కూతురు చెయ్యి పట్టుకుని వచ్చి, క్లాసు గుమ్మంలో ఆ చెయ్యి వదిలించుకుంది. కూతురు వరండా చివర ఉన్న ఆఫీసు గది వైపు వెళ్ళిపోయింది. నాయనమ్మ ఎవరి సాయమూ లేకుండా బెంచీల మధ్య నుంచి నడిచి, చివరి బెంచీలో కూర్చుంది. పన్నెండేళ్ళ పిల్లల కోసం చేసిన బెంచీ, మోకాళ్ళు ముందు బల్లకు తగులుతున్నాయి. పక్కనున్న పిల్ల తన నీళ్ళ సీసా చటుక్కున ఆమె ముందు పెట్టింది.

రాజుగారి తల్లి కూడా వచ్చింది గాని, లోపలికి రాలేదు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, అత్తగారికి కనిపించకుండా నిలబడింది.

టీచరు బల్లలు వెనక్కి జరిపించింది. రాజు తల్లి వేషం వేసే అమ్మాయి ముందుకొచ్చింది. ఆ పిల్లను అందరూ 'గంట' అంటారు. గుసగుసలాడినా పక్క క్లాసుకు వినపడుతుంది. ఆమె భుజాలు నిటారుగా పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. రాజుగారు ఎదురుగా వచ్చాడు. ఊపిరి తీసుకున్నాడు. చెయ్యి చాపాడు. అప్పుడు గంట భుజం మీదుగా అతని చూపు చివరి బెంచీకి వెళ్ళింది.

చెయ్యి అలాగే ఉండిపోయింది. నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు.

"కోట తలుపును" అని ముందు వరస అందించింది. "కోట తలుపును తెరచిన" అని రెండో వరస ఇంకొంచెం సాగదీసింది.

అతను చెయ్యి దించేశాడు. "నేను చెప్పను టీచర్."

"ఎందుకు?"

"నాయనమ్మ ఉంది."

టీచరు ఏదో అనబోతే, గంట చేతులు విప్పి తిరిగింది. "టీచర్, నాటకంలో రాజుకి కూడా ఎదురుగా వాళ్ళమ్మే ఉంది కదా. అందుకేనా పద్యంలో చెప్తాడు?"

"అంటే?"

"మామూలు మాటల్లో అయితే సగంలోనే ఏడుపొచ్చేస్తుంది. పద్యం అయితే ముందే కట్టేసి ఉంటుంది కదా. పట్టుకుని చివరిదాకా వెళ్ళిపోవచ్చు. మెట్ల పక్కన కమ్మీ ఉంటుందే, అలా."

పాత నాటకాల్లో మనుషులు అంత దుఃఖంలో పద్యాలు ఎందుకు చదువుతారని టీచరును ఎందరో అడిగారు. ప్రతిసారీ అలంకార శాస్త్రం చెప్పింది. ఆ జవాబు ఆమెకే ఎప్పుడూ నచ్చలేదు. ఇప్పుడు గంట చెప్పింది నచ్చింది. ఎంత నచ్చిందంటే, ఎందుకు ఈ క్లాసు నడుపుతోందో, ఎవరెవరు కూర్చుని ఉన్నారో కాసేపు మరిచిపోయింది.

"ఆ పద్యమేదో నువ్వు చదువమ్మా, వాడు చదవనంటే" అంది చివరి బెంచీలోంచి నాయనమ్మ, టీచరుతో.

టీచరు పుస్తకం తెరవకుండానే, నెమ్మదిగా చదివింది:

కోట తలుపును తెరచిన కూర్మి తల్లి,
ఆన పెట్టితి నందఱి యందు నేను;
మార్చ నేరను ధర్మము మాట తప్పి,
వెడలుమీ నగరంబును విడిచి నేడు.

"దానికి ఆవిడేమంటుంది?"

ఈసారి గంట చెప్పింది. గట్టిగా కాదు, తన గొంతుకు వీలైనంత తక్కువగా:

తలుపు తెరచితి బిడ్డల తల్లు లేడ్వ,
విడిచి పోయెద నీ మాట వీగకుండ.

నాయనమ్మ పక్క పిల్ల ఇచ్చిన నీళ్ళ సీసా మూత తీసి ఒక గుక్క తాగింది.

"బావుంది. నేను అలిగింది ఈ పద్యానికి అనుకున్నారా మీరంతా? నాటకమని నాకు తెలియదా? నాకేం చెవుడా, మతిమరుపా? వీడు పుస్తకం పట్టుకుని ఇల్లంతా తిరగడం చూస్తూనే ఉన్నాను."

టీచరు తెల్లబోయింది. "మరి ఎందుకు వెళ్ళిపోయారమ్మా?"

"వాడు చెయ్యి చాపి వెళ్ళమన్నప్పుడు వీళ్ళమ్మ మిషను దగ్గరే ఉంది. నేను ఆవిడ వైపు చూశాను. 'అదేంటిరా, నాయనమ్మతోనా ఆ మాట' అని ఒక్క మాట అంటుందేమోనని చూశాను. నాటకానికైనా అనాలి కదా. ఆవిడ నవ్వింది. దాచుకోలేనంత సంతోషంగా నవ్వింది." పెద్దావిడ గొంతు ఎక్కడా పెరగలేదు. "పద్యం పిల్లాడిది. ఆ నవ్వు మాత్రం ఆవిడదే. ఇన్నేళ్ళుగా కడుపులో ఉన్నది పిల్లాడి నోట విన్నట్టుంది, అందుకే అంత సంతోషం అనుకున్నాను. వెళ్ళమని చెప్పించుకుని ఉండే ఖర్మ నాకేంటి?"

గుమ్మం పక్క నీడ కదిలింది. రాజుగారి తల్లి లోపలికి వచ్చింది. బెంచీల మధ్య దారి ఇరుకు. ముప్ఫైమంది పిల్లల కళ్ళు ఆమె వెంటే నడిచాయి. అత్తగారి ముందు బల్ల దగ్గర ఆగింది.

"నవ్వాను అత్తయ్యా. నిజమే."

"చూశారా?" అంది నాయనమ్మ, ఎవరి వైపూ చూడకుండా.

"వాడు ఒక్క మాట కూడా పోకుండా చెప్పాడు. అందుకు నవ్వాను. వీడు బళ్ళో చేరిన దగ్గర్నుంచి నాలుగు లైన్లు ఒప్పజెప్పింది మీరెప్పుడైనా చూశారా? రెండు లైన్లు చెప్పి మూడోది మింగేసేవాడు. ఈ పద్యానికి నేను మిషను మీద పుస్తకం తెరిచి పెట్టుకుని, కుడుతూ అందిస్తూ, అందిస్తూ కుడుతూ, ఒకరి చొక్కాకు రెండు చేతులూ ఎడంవైపే కుట్టేశాను. ఆ పొద్దున వాడు నా వైపు చూడకుండా, ఆగకుండా చెప్పేశాడు. నేను వాడి నోరే చూస్తున్నాను. ఎదురుగా ఎవరున్నారో చూడలేదు. మీ మొహం చూసి ఉంటే నవ్వేదాన్నా?"

"ఆ ముక్క అప్పుడే అనొచ్చుగా" అంది నాయనమ్మ. గొంతు కొద్దిగా వదులైంది.

"మీరు అడిగితే కదా. సంచి సర్దుకుంటుంటే మీ అమ్మాయి ఇంటికి సరదాగా వెళ్తున్నారనుకున్నాను."

"సరదాగా వెళ్ళేదాన్ని మందులన్నీ పట్టుకెళ్తానా?"

"మీరు పక్కింటికి వెళ్ళినా మందుల పెట్టె పట్టుకునే వెళ్తారు కదా అత్తయ్యా."

గంట నవ్వింది. ఆ నవ్వు పక్క క్లాసు దాకా వెళ్ళి ఉంటుంది. దాని వెనక క్లాసంతా నవ్వింది. నాయనమ్మ మొహం గంభీరంగా పెట్టాలని కాసేపు ప్రయత్నించి, వల్లకాక, అరచేత్తో నోరు కప్పుకుంది. కోడలు బల్ల మీద చెయ్యి ఆనించింది. ఆ చేతి పక్కన పెద్దావిడ చెయ్యి కూడా వచ్చి ఆగింది. ముట్టుకోలేదు, పక్కపక్కనే ఉన్నాయి. టీచరు తల తిప్పుకుని, అప్పటికే శుభ్రంగా ఉన్న బోర్డును ఇంకోసారి తుడిచింది.

"ఆ చొక్కా ఏం చేశావు?" అని వినపడింది వెనక నుంచి.

"విప్పి మళ్ళీ కుట్టాను. అత్తయ్యా, మీరుంటే గుండీలైనా పెట్టేవారు."

"పెట్టేదాన్నేలే."

*

హెడ్మాస్టరు గుమ్మంలో కనిపించినప్పుడు పిల్లలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆయన వెనక మేనత్త నిలబడి ఉంది. వెళ్ళేటప్పుడు ఉన్న బింకం ఆమె మొహంలో ఇప్పుడు లేదు. వదినా అమ్మా ఒకే బెంచీ మీద సర్దుకుని కూర్చోవడం చూసి, సంచి పట్టీని అటూ ఇటూ లాగుతోంది.

"టీచరుగారూ, ఒక్క నిమిషం" అన్నారు హెడ్మాస్టరు. ఆయనకు చెడు వార్త చెప్పేటప్పుడు కళ్ళజోడు తీసే అలవాటు. తీశారు. "ఈవిడ నిన్ననే తల్లిదండ్రుల కమిటీకి ఫిర్యాదు చేశారట. ఇవాళ నా దగ్గరికొచ్చి అదే చెప్పారు. కమిటీ అధ్యక్షుడు ఇప్పుడే ఫోన్ చేశాడు. రేపు పొద్దున ముగ్గురు వస్తున్నారు. ఈ ఘట్టమే చూస్తారట. పిల్లలకు తగదనిపిస్తే ఇంతటితో నాటకం ఆపేయాలి."

"నా పేరు చెప్పేగా ఫిర్యాదు చేసింది?" నాయనమ్మ బెంచీలోంచి లేవబోయి, మోకాలు బల్లకు కొట్టుకుని, కోడలి చెయ్యి పట్టుకుని లేచింది. "నేనే వద్దంటున్నాను. వెనక్కి తీసుకోండి."

"నా చేతిలో ఉంటే తీసుకునేవాణ్ణమ్మా. వాళ్ళు వచ్చి చూస్తామంటున్నారు."

"అమ్మా, నేను నీ కోసమే..." అంది మేనత్త.

"నా కోసమేలే. రేపు నువ్వూ వచ్చి నా పక్కన కూర్చో. కమిటీ వాళ్ళు మన మొహాలు కూడా చూస్తారు కదా. అలిగిన మొహాలో కాదో వాళ్ళకే తెలుస్తుంది." నాయనమ్మ టీచరు వైపు తిరిగింది. "నువ్వేం బెంగ పెట్టుకోకు తల్లీ. మనవడు అంత బాగా చెప్తాడట కదా. వాడు నోరు తెరిచాక వాళ్ళెవరూ ఆపమనరు. ముందు వరసలో నాకు కాస్త పెద్ద కుర్చీ వేయించు."

హెడ్మాస్టరు కళ్ళజోడు పెట్టుకున్నారు. "వేయిస్తానమ్మా" అన్నారు, టీచరు కంటే ముందే.

బడి గంట కొట్టారు. పిల్లలు రేపు కమిటీ వాళ్ళు ఎలా కూర్చుంటారో, ఎలా తలలూపుతారో నటించి చూపించుకుంటూ బయటికి పరుగెత్తారు. అత్తా కోడళ్ళూ మేనత్తా వరండాలోకి నడిచారు. టీచరు బల్లలు తిరిగి వరసల్లో పెడుతూ తనలో తను నవ్వుకుంది. చాలా కాలం తర్వాత ఒక రోజంతా పాఠం చెప్పినట్టు అనిపించింది. ముగ్గురు కాదు, ముప్ఫైమంది వచ్చినా రానీ. కమ్మీ పట్టుకుని మెట్లు ఎక్కడం ఈ పిల్లలకు వచ్చేసింది.

తలెత్తి చూస్తే రాజుగారు ఇంకా వెళ్ళలేదు. సంచి తగిలించుకుని, కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏం నాన్నా?"

"టీచర్, ఇందాక నాయనమ్మ ఉంది, చెప్పనని అన్నాను కదా."

"అన్నావు. తప్పేం లేదు. ఇప్పుడు నాయనమ్మే వింటానంటోంది."

"అది కాదు టీచర్." వాడు సంచి పట్టీని నోట్లో పెట్టుకుని, తీశాడు. "చెప్పకూడదని కాదు. నాయనమ్మని చూడగానే పద్యం పోయింది. మీరు చదివినప్పుడు కూడా విన్నాను, ఎవరో వేరేవాళ్ళది విన్నట్టుంది. ఇప్పుడూ రావట్లేదు."

"కంగారు పడకు. మొదటి మాట నేనిస్తాను. కోట..."

వాడు ఆమె కళ్ళలోకి చూశాడు. పెదవులు కదిలాయి. కళ్ళు పైకప్పు మీదికి వెళ్ళి, ఫ్యాను చుట్టూ తిరిగి, ఉత్తచేతులతో తిరిగొచ్చాయి.

"కోట," అన్నాడు. "తర్వాత?"

టీచరు జవాబు చెప్పేలోపే వరండాలోంచి నాయనమ్మ గొంతు వినిపించింది. ఎంత హాయిగా ఉందో ఆ గొంతు.

"ఒరేయ్ రాజా, ఇంకా రావేం? ఇంటికెళ్ళే దారిలో ఆ పద్యం మీ అత్తకు కూడా వినిపిద్దువుగాని, పద."